నడిపి చూసి చెప్పు

కొండ మీద కేంద్రం నుంచి
ఇంకా మంచు మొదలవలేదు

బ్రేకు మాస్టరమ్మకి,

క్షేమసమాచారాలన్నీ వదిలేసి నేరుగా విషయానికి వస్తున్నా. సరుకుల జీపు డ్రైవరు లోపల టీ తాగుతున్నాడు. గ్లాసు ఖాళీ అయ్యేలోపు ఈ ఉత్తరం ఆయన చేతిలో పెట్టకపోతే మళ్ళీ పదిహేను రోజులు ఆగాలి.

పోయినసారి గుడ్లు చుట్టి పంపిన కాగితం మన ఊరి పేపరక్కా. గుడ్లు తీసి పక్కన పెట్టి కాగితం చదువుకున్నాను, ఇక్కడ మా కాలక్షేపం అలాంటిది. అందులో ఒక ప్రకటన ఉంది. దూరప్రయాణాల మోటారుసైకిలు, పెద్దది, ఒకే మనిషి నడిపింది. ముందు గాలి తగలకుండా అద్దం, రెండు పక్కలా పెట్టెలు, వెనక కూర్చునేవాళ్ళకి వీపు ఆనించుకునే సీటు. చివర్లో "నడిపి చూసుకుని నచ్చితేనే మాట్లాడండి" అని రాశాడు. ఆ మాట చదివాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆయనకి కార్డు రాశాను. బండి ఉంది, తొందరేం లేదు, ఎవరినైనా పంపించి చూడమనండి అని జవాబొచ్చింది. చిరునామా కింద రాస్తున్నాను. నీళ్ళ ట్యాంకు దాటాక రెండో వీధి, నీకు నడిచే దూరమే.

నా బతుకు నీకు తెలిసిందే. పొద్దస్తమానం బయటికెళ్ళి గాలెంత, వానెంత, చలెంత అని చూసి రాసుకోవడం. రేపు ఎండొస్తుందో వానొస్తుందో లోకానికంతా చెప్తాను గానీ, నా చొక్కా ఎప్పుడు ఆరుతుందో చెప్పలేను. ఎనిమిదేళ్ళయింది. ఇక్కణ్ణించి రోడ్డు కనిపిస్తుందక్కా, కింద లోయలో దారంలా. దాని మీద ఎవరెవరో వెళ్తుంటారు.

నేను ఇప్పట్లో దిగి రాలేను. నువ్వు నడిపి చూసి చెప్పు. నాన్న బండి చప్పుడు విని క్లచ్ తీగ ఇవాళో రేపో తెగుతుందని చెప్పినదానివి నువ్వు. మెకానిక్కులు వద్దు, సలహాలు వద్దు. నువ్వు సరే అంటే సరే, వద్దంటే వద్దు. ఇంకెవర్నీ అడగను.

గ్లాసు చప్పుడైంది. ఉంటాను.

తాబేలు


ఇంటి నుంచి
ఆదివారం, స్కూలు సెలవు

ఒరేయ్ తాబేలూ,

ఎలా ఉన్నావక్కా అని ఒక్క ముక్క రాయడానికి నీ జీపు డ్రైవరు గ్లాసులో ఇంకో గుక్క టీ లేదా? నువ్వు అడక్కపోయినా చెప్తాను. బాగానే ఉన్నాను. ఈ నెల డ్రైవింగ్ స్కూలుకి కొత్తగా నలుగురు చేరారు. అందులో బ్యాంకులో పనిచేసే ఒకావిడ ఉంది, మలుపు రాగానే కళ్ళు మూసుకుంటుంది. నా వైపున్న రెండో బ్రేకు తొక్కీ తొక్కీ నా కుడి మోకాలు వాచింది. "కళ్ళెందుకు మూస్తారండీ" అని అడిగితే, "మీరున్నారుగా" అంది.

మేడ మీద వాటాలో ఉండే టైలరు కుటుంబం ఖాళీ చేసి వెళ్ళారు. మళ్ళీ అద్దెకివ్వాలనిపించలేదు. ఊరికే చెప్తున్నా.

ఇక నీ బండి. నిన్న సాయంత్రం వెళ్ళాను. అమ్మే ఆయన మందుల షాపు నడిపి మానేశాడు, వీధిలో అందరూ ఇప్పటికీ మందుల షాపాయన అనే అంటారు. మనిషి సన్నగా, శుభ్రంగా ఉన్నాడు. మణికట్లు రెండూ వాచి ఉన్నాయి. క్లచ్ నొక్కలేకపోతున్నానమ్మా, అందుకే అమ్ముతున్నాను, లేకపోతే అమ్మే బండి కాదిది అన్నాడు. నన్ను చూసి, మీ ఆయన బయట ఆగారా అని అడిగాడు. ఆయన పోయి పదేళ్ళయిందని, నడిపేది నేనేనని చెప్పాను. లైసెన్సు చూపించమన్నాడు. నా వృత్తేమిటో చెప్తే నవ్వి, తాళాలు చేతిలో పెట్టాడు.

తర్వాత ఏమైందో విను. నేను ఎక్కి కూర్చున్నాక ఆయన లోపలికెళ్ళి రెండో హెల్మెట్ తెచ్చుకున్నాడు. "అమ్మా, ఈ బండి మీద నేను వెనక ఎప్పుడూ కూర్చోలేదు. ఒకసారి కూర్చోనా" అన్నాడు. కాదంటానా? ఇద్దరం ఊళ్ళో తిరిగాం. మిల్లు రోడ్డు దాకా వెళ్ళి, మార్కెట్టు మీదుగా వచ్చాం. సందుల్లో తిప్పాను, జనం మధ్య ఆపాను, ఎత్తు మీద ఆపి మళ్ళీ ఎక్కించాను.

బండి చాలా బరువురా. నిలబెట్టి పక్కకి జరపడానికి నా నడుము విరిగింది. కానీ చక్రం ఒక్క చుట్టు తిరిగిందంటే ఆ బరువంతా ఎటు పోతుందో తెలీదు. నడక వేగంలో కూడా తూలలేదు. గేర్లు చెప్పిన మాట విన్నట్టు పడుతున్నాయి. ఇంజను చప్పుడు పక్క గదిలో ఎవరో కుట్టుమిషను తొక్కుతున్నట్టు ఉంది. బ్రేకు గురించి నాకొకరు చెప్పక్కర్లేదు కదా, మెత్తగా, ఖచ్చితంగా ఉంది. దిగాక ఆయన ముఖం చూస్తే జ్వరం తగ్గినవాడిలా ఉన్నాడు. "చాలా బాగా నడుపుతారమ్మా" అన్నాడు. నన్ను ఆ మాట అన్నవాళ్ళు ఈమధ్య ఎవరూ లేరు. నేర్పించేవాళ్ళు ఎలా నడుపుతారో ఎవరూ చూడరు.

ఇది ఊళ్ళో సంగతి మాత్రమే. పెద్ద రోడ్డు మీద వేగంలో చూడందే నేను సరే అనను. ఇంతకీ నాకొక అనుమానం. ఆ కొండ మీద, జీపే ఆయాసపడుతూ ఎక్కే చోట, ఇంత పెద్ద బండి ఏం చేసుకుంటావు?

అక్క


కొండ మీద కేంద్రం నుంచి
గాలి ఉత్తరం వైపు నుంచి, తలుపు తీయలేనంత

అక్కోయ్,

నీ ఉత్తరం మా వంటాయనకి కూడా చదివి వినిపించాను. కుట్టుమిషను దగ్గర మళ్ళీ చదవమన్నాడు. ఇక్కడ మేం ఇద్దరమే కదా, ఒకరికొచ్చిన ఉత్తరం ఇద్దరిదీ.

బండి కొండ మీదకి కాదు. నాకు ఆరు నెలల సెలవు పేరుకుపోయి ఉంది. వాడుకోకపోతే పోతుందని మా ఆఫీసరు ఎప్పట్నించో పోరుతున్నాడు. చలి తగ్గి దారి తెరవగానే దిగుతాను. నీ దగ్గర రెండు రోజులు ఉంటాను, బట్టలు ఉతుక్కుని, టైర్లు మార్పించుకుని, బయల్దేరతాను. ఎటు అని అడక్కు. గోడకి మ్యాపు కొట్టాను. రోజూ దాని ముందు నిలబడి ఒక దారి గీస్తాను, మర్నాడు చెరిపేస్తాను. సముద్రం పక్కన పోయే రోడ్డు ఒకటుంది, దాని అవతలి చివర ఎక్కడ తేలుతుందో మ్యాపులో కూడా లేదు, కాగితం అయిపోయింది. అటే వెళ్తానేమో. తిరిగి ఎప్పుడంటే ఏం చెప్పను? మా ఆవిడ నన్ను వదిలి వెళ్ళాక నేను వెళ్ళిన చోటు ఏదైనా ఉందంటే ఈ కొండే. నలభై తొమ్మిదేళ్ళవాడు ఇలా మాట్లాడితే నవ్వుతారని తెలుసు. నవ్వుకోనీ. ఎనిమిదేళ్ళుగా గాలి ఎటు పోతోందో రాస్తున్నాను, ఒక్కసారి దాంతో పాటు పోయి చూస్తాను.

నువ్వన్నది నిజం, పెద్ద రోడ్డు మీద చూడాలి. పెట్టెల్లో బరువు వేసి చూడు. పక్కనుంచి లారీ పోతే తూలుతుందా, గతుకుల్లో నడుం పట్టేస్తుందా, గంటసేపు ఆపకుండా నడిపితే చేతులు తిమ్మిరెక్కుతాయా, అవి చెప్పు. మలుపుల్లో ఎలా ఉందో మరీ మరీ చెప్పు. నాకు బొమ్మ కట్టినట్టు రాయి. అది చదువుకుంటూ చలికాలం గడిపేస్తాను.

మోకాలికి ఆముదం కాచి పట్టు వేసుకో. ఆ బ్యాంకావిడని ఇంకో స్కూలుకి పంపించెయ్.

తాబేలు (ఇంక ఎన్నాళ్ళో ఉండదు ఈ పేరు)


ఇంటి నుంచి
గురువారం

తమ్ముడికి,

పెద్ద రోడ్డు మీద నడిపి చూశాను. రాయడానికి మనసు రావడం లేదు, కానీ నువ్వు అడిగావు.

ఊళ్ళో బాగానే ఉన్న బండి వేగం అందుకోగానే మారిపోయింది. హ్యాండిలు వణుకుతోంది. చేతులు వదులుగా పట్టుకుంటే ఎడమవైపుకి లాగుతోంది. ఎప్పుడో గట్టిగా పడి ఉంటుంది, చట్రం వంగి ఉంటుందని నా అనుమానం. ఆయన ఆ సంగతి చెప్పలేదు. ఆపి చూస్తే ఇంజను కింద ఆయిలు చెమ్మ కూడా కనిపించింది. అలాంటి బండి వేసుకుని, ముక్కూ మొహం తెలీని రోడ్ల మీద, ఒంటరిగా వెళ్తానంటే నేను సరే అనలేను.

నా మాట వింటే వద్దు.

సెలవు మాత్రం పెట్టు. ఇంటికి రా. కడుపునిండా తిని నెల రోజులు నిద్రపో. ముందు అది కావాలి నీకు.

అక్క


కొండ మీద కేంద్రం నుంచి
మొదటి మంచు

అక్కకి,

నీ ఉత్తరం అందింది. మొదటి ఉత్తరమూ ఇదీ పక్కపక్కన పెట్టుకుని చదివాను. ఒకే బండి గురించి రాసినట్టు లేదు. చట్రం వంగితే తక్కువ వేగంలో తెలీదేమోలే. అది నీకు తెలిసినంత నాకు తెలీదు.

మా వంటాయన ఊరుకోలేదు. ఇంకెవరికైనా ఒకసారి చూపించండి సార్, ఒకరి మాట మీద వదిలేస్తారా అన్నాడు. ఒకరి మాట కాదు, అక్క మాట అన్నాను. దాంతో నోరు మూసుకుని వంటగదిలోకి వెళ్ళిపోయాడు. తర్వాత అడక్కుండానే టీ తెచ్చి పెట్టాడు, అంటే నా ముఖం ఎలా ఉందో నువ్వే ఊహించుకో.

మ్యాపు తీసేశాను. తీసేశాక గోడ మీద ఆ నలుచదరం మాత్రం తెల్లగా ఉండిపోయింది. దాని మీద క్యాలెండరు తగిలించాను, అది చిన్నది, సరిపోలేదు.

బాధపడుతున్నానని అనుకోకు. ఇంత వయసొచ్చాక ఇలాంటి కోరికలు పుట్టకూడదు, పుడితే ఇలాగే అవుతుంది. ఇంకో బండి వెతుక్కోవచ్చుగా అంటావేమో. వెతకడం నావల్ల కాదు. ఇది గుడ్ల కాగితంలో నా దగ్గరికి తనే వచ్చింది, అందుకే ధైర్యం చేశాను. ఆ పెద్దాయనని ఏమీ అనకు. ఆయనకీ తెలీదేమో, చాలాకాలం నడిపిన మనిషికి బండి లోపం కనిపించదు.

ఈ నెలాఖరులో దారి మూసేసేలోపు కింద పట్నంలో పెద్దాఫీసుకి వెళ్ళాలి, ఏవో సంతకాలున్నాయి. ఈ ఉత్తరానికి జవాబు అక్కడికే రాయి.

తమ్ముడు


ఇంటి నుంచి
పొద్దున్నే, స్కూలు తెరవకముందు

ఒరేయ్ తాబేలూ,

ఆ తెల్లటి గోడ మాట చదివాక నాకు అన్నం సహించలేదు. పోనీలేరా. పోయింది ఒక బండి. అంతకంటే మంచి సంగతి చెప్తాను, విను.

పైగదికి రంగు వేయించాను. నెల కిందటే మొదలుపెట్టాను, నీకు చెప్పకుండా దాచాను. లేత పసుపు. రంగులవాడు తెలుపే బాగుంటుందన్నాడు, మా వాడు రోజూ చూసేది తెలుపేనయ్యా అన్నాను. వీధి వైపు కిటికీ చెదలు పట్టింది, మార్పించాను. మంచం, బల్ల, దీపం అమరిపోయాయి. మెట్లు బయటి నుంచే కాబట్టి నువ్వు ఎప్పుడు వచ్చినా ఎప్పుడు వెళ్ళినా నేను అడగను. అంటే అడుగుతాను, కానీ కిందనుంచే అడుగుతాను.

ఇంకొకటి. విమానాశ్రయం దగ్గర వాతావరణం ఆఫీసులో మనిషి కావాలట. నా దగ్గర నేర్చుకునే కుర్రాడి మేనమామ అక్కడే పనిచేస్తాడు. మీ తమ్ముడి అనుభవానికి కళ్ళకద్దుకుని తీసుకుంటారండీ అన్నాడు. అక్కడా గాలి చూసి రాసే పనే, కాకపోతే సాయంత్రానికి ఇల్లు చేరతావు.

నేను ఒంటరిదాన్ని అని ఏడవడం లేదు. అలవాటైపోయింది. కానీ సాయంత్రం స్కూలు మూసి, కారు కడిగి లోపలికొచ్చాక, ఇంట్లో చప్పుడు కోసం రేడియో పెడతాను, దాంట్లో ఏం చెప్తున్నారో వినను. నువ్వు వస్తే రేడియో అమ్మేస్తాను.

మందుల షాపాయన ఆ మధ్య రెండుసార్లు ఎదురయ్యాడు. ఇప్పుడు మార్కెట్టుకి అవతలి వీధిలోంచి వెళ్తున్నాను, ఆ దారి కాస్త దూరమే.

పట్నం వెళ్ళగానే సెలవు కాగితం మీద సంతకం పెట్టెయ్. ఎప్పుడొస్తావో రాయి.

అక్క


కింద పట్నం నుంచి
ఆఫీసు వసతిగది

అక్కకి,

ఈ ఉత్తరం నిదానంగా రాస్తున్నాను. రెండు కాగితాలు చింపేసి మూడోది మొదలుపెట్టాను.

ఇవాళ పొద్దున ఆఫీసరు గదిలోకి పిలిచాడు. నా గడువు ఈ చలికాలంతో అయిపోతుంది. పొడిగించుకుంటే ఇంకో మూడేళ్ళు కొండ మీదే, లేకపోతే కింద ఎక్కడైనా వేస్తారు. కిందటి రెండుసార్లూ ఆ కాగితం మీద వెంటనే సంతకం పెట్టాను. ఈసారి పెట్టకూడదనుకున్నాను. ఆ సంగతి నీకు రాయలేదు. వచ్చేస్తున్నానని నీకు ఇంతకుముందు రెండుసార్లు చెప్పి రాలేదు, మూడోసారి చెప్పి నిన్ను గుమ్మంలో నిలబెట్టడం ఇష్టం లేకపోయింది. బండి మీద తిరిగినంత కాలం తిరిగి, చేతిలో ఓపిక అయిపోయాక నీ ఇంటికే వద్దామనుకున్నాను. నేరుగా వచ్చి నీ ఇంట్లో కూర్చోలేనక్కా. పెళ్ళాం వదిలి వెళ్ళిపోయిన మనిషిగా, కొండ దిగిన మనిషిగా, పాపం అని చూసే వీధిలోకి రాలేను. ఎక్కడెక్కడో తిరిగొచ్చిన మనిషిగా అయితే రాగలను. ఇదంతా పిచ్చిగా ఉందని నాకూ తెలుసు.

బండి లేదన్నాక ఆ ధైర్యం పోయింది. నిజం చెప్పాలంటే నాలో సగం మనిషి హమ్మయ్య అనుకున్నాడు కూడా. ఆ సగం మనిషే ఇవాళ పొద్దున సంతకం పెట్టాడు. కాబట్టి తప్పంతా నీదని అనడం లేదు.

మధ్యాహ్నం ఇక్కడ ఫోను దొరికింది కదా అని మందుల షాపాయనకి చేశాను. ఇన్నాళ్ళూ నాకోసం బండి ఆపాడు, ఒక మాట చెప్పడం మర్యాద అనిపించింది. బండి పోయిన వారమే ఇచ్చేశాను బాబూ అన్నాడు. మీ జవాబు కోసం చాలా రోజులు చూశాను, మీ అక్కగారు మళ్ళీ కనపడలేదు, కనపడినా ఆగలేదు అన్నాడు. పోనీలెండి, చట్రం వంగిన బండి కదా, మీరు కొన్నవాళ్ళకైనా చెప్పారా అన్నాను.

"ఆ మాట ఎవరన్నారు బాబూ?" అన్నాడు.

నీ పేరు నేను చెప్పలేదు. ఆయనే అన్నాడు, ఆ బండి నా చేతిలో ఒక్కసారి కూడా పడలేదని. మీ అక్క పెద్ద రోడ్డు మీద నడిపి తిరిగొచ్చి మా మెట్ల మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, ఇలాంటి బండి నేను పుట్టాక ఎక్కలేదండీ అంది, ఆ మాట అంటూ కళ్ళు తుడుచుకుంది, మీ ఇద్దరికీ ఇవ్వడం నాకు చాలా సంతోషమనుకున్నాను అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. అదే నాకు కష్టంగా ఉంది.

సాయంత్రం నీ పైగది ఉత్తరం ఆఫీసులో ఇచ్చారు. లేత పసుపు. అది పొద్దున వచ్చి ఉంటే ఏం చేసేవాణ్ణో నాకు తెలీదు. సంతకం వెనక్కి తీసుకోవచ్చా అని అడిగాను. నా కాగితాలు మధ్యాహ్నం టపాలోనే వెళ్ళిపోయాయి, నా స్థానంలో రావాల్సినవాణ్ణి ఇంకో చోటికి వేసేశారు.

అక్కా, నువ్వు నీ విద్యార్థుల పక్కన కూర్చుని బ్రేకు తొక్కితే వాళ్ళకి తెలుస్తుంది, కారు ఆగుతుంది కాబట్టి. నాకు తెలీలేదు. నేను బండే ఆగిందనుకున్నాను.

వద్దు, వెళ్ళకు, నా దగ్గరే ఉండు అని రాసి ఉంటే నేను పోట్లాడేవాణ్ణి. పోట్లాడి, చివరికి వినేవాణ్ణేమో కూడా. నాకు కోపం లేదు. ఇకనుంచి ఏదైనా చూసి చెప్పమని నిన్ను అడగాలంటే మాత్రం ఆలోచిస్తాను, అది తలుచుకుంటేనే దిగులుగా ఉంది.

రేపు పొద్దున జీపులో పైకి వెళ్తున్నాను. త్వరలో దారి మూసేస్తారు. ఆలోపు టపా ఇంకొక్కసారే వస్తుంది, ఆ తర్వాత మళ్ళీ చలికాలం అయ్యాకే.

తమ్ముడు


ఇంటి నుంచి
ఈ టపాకే అందాలి

తమ్ముడికి,

నువ్వు రాసిందంతా నిజం. కారణం చెప్తే సాకులా ఉంటుంది, అయినా నీకు తెలియాలి కాబట్టి ఒక్కసారి చెప్పి ఊరుకుంటాను. నీ ఉత్తరంలో "రెండు రోజులు ఉంటాను" అన్న చోట ఆగిపోయాను. దాని తర్వాత సముద్రమని, మ్యాపు అయిపోయిందని ఏవేవో రాశావు, అవి కళ్ళకి కనపడలేదు. అయినా అబద్ధం ఆడాలని అప్పుడు అనుకోలేదు. నడిపి వచ్చాక అనుకున్నాను. ఎందుకో కింద రాస్తాను.

నిన్న మందుల షాపాయన ఇంటికి వెళ్ళాను. మీ బండికి లేని మచ్చ అంటగట్టాను, క్షమించండి అన్నాను. ఆయన లోపలికి రమ్మనలేదు, పొమ్మనీ అనలేదు. గుమ్మంలో నిలబడి, "నన్ను అంటే సరిపెట్టుకునేవాణ్ణమ్మా. బండిని అన్నారు" అన్నాడు. తర్వాత, మీ తమ్ముడు మర్యాదస్తుడు, మీ పేరు చెప్పలేదు అన్నాడు. నేను వచ్చేశాను. బ్యాంకావిడ క్లాసు ఉందివాళ. మానేశాను.

నువ్వు బొమ్మ కట్టినట్టు రాయమన్నావు. అప్పుడు రాయలేదు. ఇప్పుడు దానివల్ల ఉపయోగం లేదు, చదవాలని లేకపోతే ఇక్కడే ఆపెయ్. కానీ నువ్వు అడిగిన దానికి నిజమైన జవాబు ఒకటి ఉండాలి కదా ఎక్కడో ఒకచోట.

పెట్టెల్లో బరువు వేయమన్నావని చెప్తే ఆయన పెరట్లోంచి ఇటుకలు తెచ్చాడు. పెట్టెలు గీరుకుపోకుండా ఒక్కో ఇటుకా పాత తువ్వాళ్ళలో చుట్టాడు. ఈసారి ఆయన ఎక్కలేదు, దూరం వెళ్ళాలమ్మా, మీరే వెళ్ళండి అన్నాడు. గిడ్డంగుల వరస దాటి, కాలవ మీది వంతెన దాటాక రోడ్డు విప్పారింది. మూడు, నాలుగు, ఐదు గేర్లు వేశాను. ఆరోది వేసినట్టు కూడా తెలీలేదు, చప్పుడు తగ్గింది, అంతే. ముందున్న అద్దం గాలిని నా తల మీదుగా పంపించేసింది. చేతులు వదులుగా పట్టుకుని చూశాను. గీత గీసినట్టు పోయింది. హ్యాండిలు వణకలేదు. ఎదురుగా వరసగా లారీలు వచ్చాయి, పక్కనుంచి పోతుంటే ఒక్కోటీ నన్ను తోస్తుందని భుజాలు బిగబట్టాను, బండి పట్టించుకోలేదు. గతుకులు వచ్చాయి, మోకాళ్ళ దాకా తెలిశాయి, నడుం దాకా రాలేదు. గంట పైనే నడిపాను. చేతులు తిమ్మిరెక్కలేదు.

మలుపులు మరీ మరీ చెప్పమన్నావు. క్వారీ దాటాక రోడ్డు కొండవాలు ఎక్కుతుంది, నీకు గుర్తుండకపోవచ్చు. మలుపు మీద మలుపు. మొదటిదాంట్లో భయపడ్డాను, వేగం తగ్గించాను. రెండోదాంట్లో తగ్గించక్కర్లేదని బండే చెప్పింది. నేను ఎటు చూస్తే అటు వాలింది. నేను తిప్పలేదురా, చూశాను, అంతే. ఇటు వాలి, లేచి, అటు వాలి, మళ్ళీ లేచి. నాలుగో మలుపు దగ్గర గట్టిగా నవ్వుతున్నానని హెల్మెట్‌లో నా గొంతు నాకే వినబడితే తెలిసింది.

పక్క సీట్లో కూర్చునే ఉద్యోగం నాది. ఎవరో తప్పు చేస్తారని నా కాళ్ళు ఎప్పుడూ కాచుక్కూర్చుంటాయి. ఇరవై రెండేళ్ళయింది. ఆ రోజు కాచుకోవడానికి ఎవరూ లేరు. నా కాళ్ళు ఊరికే ఉన్నాయి. నాకు అది ఎలా ఉందో చెప్పడం రావడం లేదు.

కొండ దిగాక రోడ్డు రెండుగా చీలుతుంది. ఒకటి తిరిగి ఊళ్ళోకి, ఒకటి ఎటో. అక్కడ ఆపాను. ఇంజను ఆపలేదు. ఆయనకి చెప్పిన టైము దాటిపోయింది, ఇంటి దగ్గర స్కూలుకి నేర్చుకునేవాళ్ళు వచ్చి ఉంటారు. నాకు వెనక్కి తిరగాలనిపించలేదు. రెండో దారి వైపు చూస్తూ అలాగే కూర్చున్నాను. ముందుకి పోయే మనిషికి ఇలా ఉంటుందన్నమాట అనుకున్నాను. వెనకాల అంత ఇల్లు, అంత జీవితం పెట్టుకున్న నాకే ఇలా ఉంటే, వీడు దీని మీద ఎక్కితే ఎందుకు తిరిగొస్తాడు అనిపించింది. అప్పుడు అనుకున్నాను ఆ అబద్ధం. బండిలో లోపం కనిపించి కాదు. లోపమేమీ కనిపించకే.

తర్వాత బండి వెనక్కి తిప్పాను. వచ్చేటప్పుడు ఖాళీ రోడ్డు చూసి పూర్తి వేగంలో బ్రేకు కొట్టి చూశాను. రెండు చక్రాలూ ఒక్కసారే పట్టుకున్నాయి, అంగుళం పక్కకి జరగలేదు. మెట్ల దగ్గర నిలబెట్టి ఇంజను కింద వేళ్ళు పెట్టి తుడిచాను. పొడిగా ఉంది. ఇటుకలు ఒక్కోటీ విప్పి ఆయనకి అందించాను.

అదీ సంగతి. బరువు ఎక్కువ, నిలబెట్టి తోసేటప్పుడు జాగ్రత్తగా ఉండాలి. టైర్లు ఇంకో ఏడాది వస్తాయి. అంతకుమించి చెప్పడానికి వంక లేదు.

బండి చాలా మంచిది. తీసుకోవచ్చు.

అక్క